మధ్యాహ్నం సినిమా ఆపిన రోజు

ఇప్పుడు ఫోన్లో నాలుగు వాక్యాలు రాసి పెట్టి, ఎంతమంది చూశారా అని గంటకోసారి తీసి చూసుకునే పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్లలోనూ ఇరవై రెండేళ్లపాటు జనం నన్ను రోజూ చదివారు. రాసింది ఎవరని ఒక్కరూ అడగలేదు. నేను మా లోకల్ కేబుల్ చానెల్‌లో స్క్రోలింగ్ రాసేవాణ్ని. టీవీ తెర అడుగున కుడి నుంచి ఎడమకు పాకుతూ పోయే అక్షరాలు ఉంటాయి చూడండి, అవి. ఇల్లు కిరాయికి ఉన్నది. దశదినకర్మకు రాగలరు. నల్ల బర్రె తప్పిపోయింది, కుడి కొమ్ము వంకర. ఆ వంకర సంగతి బర్రె యజమాని తనంతట తాను చెప్పలేదు, నేనే అడిగి రాబట్టాను. బర్రె దొరికింది. అతను మా ఓనరుకు ఫోన్ చేసి దండం పెట్టాడు. నాకు పెట్టలేదు. ఏళ్లు గడిచాయి. నాకు గుర్తుంది.

ఇలా గుర్తుండడం జబ్బని మా ఆవిడ అంటుంది. కావచ్చు. చానెల్ వార్షికోత్సవంలో అందరికీ శాలువాలు కప్పారు. నా వంతు వచ్చేసరికి ఒకటి తక్కువైంది. వార్తలు చదివే అమ్మాయి భుజం మీదిది తీసి నాకు కప్పి, ఫోటో దిగాక మళ్లీ ఆమెకే ఇచ్చేశారు. దీన్ని మరిచిపోగలగడమే ఆరోగ్యమైతే, నాకు ఆ ఆరోగ్యం వద్దు.

అంతమాత్రాన బతుకు చేదుగా గడిచిందనుకోకండి. నా అంత కులాసాగా ఉద్యోగం చేసినవాడు మా ఆఫీసులో లేడు. పొద్దున్నే చేతిసంచితో బయలుదేరేవాణ్ని. కొత్త బస్టాండు దగ్గర టీ తాగుతుండగానే ఇద్దరు ముగ్గురు స్లిప్పులు చేతిలో పెట్టేవారు. అక్కణ్నుంచి దర్జీ దగ్గర మా ఆవిడ జాకెట్లు, మందుల షాపులో బీపీ గోలీలు, మార్కెట్లో బీరకాయలు. పదింటికి ఆఫీసు చేరేసరికి సంచిలో ఒక పక్క బీరకాయలు, ఇంకో పక్క మూడు ఊళ్ల చావులూ పెళ్లిళ్లూ ఉండేవి. ఆఫీసు పురుగుమందుల దుకాణం పైన. ఆ వాసనకు దోమ కూడా పైకెక్కేది కాదు. ఒంటిగంట దాకా స్క్రోలింగ్ కొట్టి, టిఫిన్ డబ్బా తిని, రెండింటికి పాత సినిమా వేయించేవాణ్ని.

సినిమా ఏదో నేనే నిర్ణయించేవాణ్ని. సోమవారం పౌరాణికం, మంగళవారం జానపదం, మిగతా రోజుల్లో సంసారాల కథలు. శుక్రవారం మాత్రం ఏడుపు సినిమా వేయకూడదు. ఒకసారి తెలియక వేస్తే, దీపం పెట్టే రోజు ఇంట్లో ఆడవాళ్లను ఏడిపిస్తావా అని వరసగా ఫోన్లు వచ్చాయి. వేసిన సినిమాను నేనూ మొత్తం చూసేవాణ్ని. పదిసార్లు చూసిందైనా సరే. నలుపు తెలుపు బొమ్మ, కింద నా అక్షరాలు, కిటికీలోంచి ఎండ. అంతకంటే ఏం కావాలి?

ఇక అసలు సంగతికి వస్తాను. అందులో తప్పు నాది కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఒకసారి నేను సెలవులో ఉన్నప్పుడు ఎవరో నా స్క్రోలింగ్‌లో చెయ్యిపెట్టారు. పెళ్లిపిలుపులో పెళ్లికూతురి తండ్రి పేరు ఎగిరిపోయింది. తిట్లు నాకు పడ్డాయి. నేను ఊరుకోలేదు. పదకొండు రోజులు, రోజుకొక ఫిర్యాదు కాగితం రాసి ఓనరు బల్ల మీద పెట్టాను. పన్నెండో రోజు ఆయన విసిగిపోయి ఆర్డరు వేశాడు: ‘రైటర్ గారి అనుమతి లేకుండా స్క్రోలింగ్ ఎవరూ ముట్టరాదు.’ దాన్ని లామినేషన్ చేయించి కంప్యూటర్ పైన గోడకు కొట్టాను. నా ఉద్యోగ జీవితంలో నేను గెలిచిన పెద్ద గెలుపు అదే.

రెండో సంగతి కోదాడ ఇన్‌చార్జి. కోదాడలో మా చానెల్ వ్యవహారం చూసుకునే మనిషి. నోటి దూకుడు ఎక్కువ. మిర్యాలగూడలో మా కొత్త ఆఫీసు తెరిచిన రోజు మైకు ఆయన చేతిలో ఉంది. అందరినీ పేరు పేరునా పొగుడుతూ వచ్చి, నా దగ్గర ఆగి, “ఈయన మన అడుగు సారండీ. టీవీలో అడుగున పోతుంటారు, మీరు కాళ్లు తగలకుండా చూసుకోండి” అన్నాడు. పందిరంతా నవ్వింది. నేను భోజనం చేయకుండా బస్సెక్కాను. ఆ రోజు మటన్ కూడా పెట్టారట.

అప్పటినుంచి నాలుగేళ్లు ఆయనతో మాట్లాడలేదు. కోదాడ ప్రకటనలు కాగితం మీద, ఆయన సంతకంతో, బస్సులో రావాలని కబురు పెట్టాను. కొన్నాళ్లు పంపాడు. తర్వాత వాట్సాప్‌లో ఫోటోలు పెట్టడం మొదలుపెట్టాడు. నేను తెరవలేదు. మా ఆఫీసులో సినిమాలు నడిపే ఆపరేటరమ్మ, ముప్పై ఏళ్ల మనిషి, చూసి చూసి ఒకరోజు అడిగింది.

“సార్, వాట్సాప్‌ల సంతకం ఎట్ల పెడ్తరు?”

“అది ఆయన పరేషాన్ అమ్మా, నాది కాదు.”

“మరి బస్సు వచ్చే లోపలనే అర్జెంటుది ఏమన్న వస్తే?”

“అర్జెంటైతే బస్సుల పంపుతడు.”

ఆ జవాబు అప్పుడు నాకు చాలా గొప్పగా తోచింది.

ఆ రోజు బుధవారం. ఎండాకాలం. పదిన్నరకు పెన్‌పహాడ్ నుంచి ఒక తండ్రీ కూతురూ మెట్లెక్కి వచ్చారు. తండ్రి వ్యవసాయ కూలీ. తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. కూతురు మిర్యాలగూడలో నర్సింగ్ చదివింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి గానీ మాట మాత్రం స్పష్టంగా ఉంది.

“సార్, సోమవారం పొద్దుగూకంగ మిర్యాలగూడ నుంచి వస్తుంటే బస్సుల నా ఫైల్ పోయింది. నీలం ఫైల్. టెన్త్ నుంచి నర్సింగ్ దాక అన్ని ఒరిజినల్స్ అండ్లనే ఉన్నయి. నేను పెన్‌పహాడ్‌ల దిగిన. బస్సు సూర్యాపేట వచ్చి, ఈడినుంచి కోదాడ పోయిందట.”

“డిపోల అడిగిన్రా బిడ్డా?”

“రెండు డిపోలల్ల అడిగినం. లేదన్నరు. రేపు పొద్దున పదింటికి నల్లగొండల సర్టిఫికెట్ వెరిఫికేషన్ సార్. సర్కారు దవాఖాన నౌకరి. ఒరిజినల్స్ లేకుంటే తర్వాతోళ్లను పిలుస్తరు.”

తండ్రి మధ్యలో అందుకున్నాడు. “ఇంట్ల మొదటి నౌకరి సార్. మా వాడకట్టుల గూడ మొదటిదే. జర మంచిగ రాయుర్రి.”

మంచిగా రాయమని నన్ను అడిగినవాళ్లు అంతకుముందు లేరు. అందరూ త్వరగా రాయమంటారు, తక్కువలో రాయమంటారు. నేను కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను. ‘నీలం ఫైలు పోయినది. అందులో ఉన్నవి కాగితాలు కావు, ఒక ఆడబిడ్డ నౌకరి. దొరికినవారు దయచేసి ఫోన్ చేయండి’ అని రాశాను. పదకొండు కల్లా అది మూడు ఊళ్లలో తిరగడం మొదలైంది. తండ్రీ కూతురూ బెంచీ మీద కూర్చున్నారు. ఇంటికి వెళ్లమన్నా వెళ్లలేదు.

పన్నెండయింది. ఒకటయింది. ఫోన్ మోగలేదు. నా టిఫిన్ డబ్బా వాళ్ల ముందు పెడితే తండ్రి ఒక ముద్ద తిన్నాడు. అమ్మాయి ముట్టుకోలేదు. రెండింటికి సినిమా వేశాం. కన్నతల్లి కొడుకును ఎవరికో పెంపకానికిచ్చి, అదే ఇంట్లో పనిమనిషిగా చేరే కథ. ముగ్గురం తెర వైపే చూస్తున్నాం. నేను కథ చూడడం లేదు. కింద నా వాక్యం ఎన్నిసార్లు వచ్చి పోయిందో లెక్కపెడుతున్నాను.

నాలుగు కావస్తుండగా ఆపరేటరమ్మ నా వైపు తిరిగి, పిల్ల వినకుండా మెల్లగా అంది: “సార్, బస్సు కోదాడ దాక పోయిందంటున్నరు. కోదాడ సారు ఏమన్న పంపిండో ఒక్కసారి సూడరాదు?”

ఫోన్ తీశాను. కోదాడ ఇన్‌చార్జి పేరు మీద తెరవని మెసేజ్‌లు గుట్టగా పడి ఉన్నాయి. అన్నిటికంటే కింద మూడు. మొదటిది స్లిప్పు ఫోటో: ‘నీలం ఫైలు దొరికింది. నర్సింగ్ సర్టిఫికెట్లు. లారీ డ్రైవర్ దగ్గర ఉంది’ అని, కింద ఫోన్ నంబరు. రెండోది: ‘సార్, కాస్త అర్జెంటు.’ మూడోది: ‘నా మీద కోపం నా మీద చూపించండి సార్. ఇది ఎవరో పిల్ల బతుకు.’ మూడూ మంగళవారం మధ్యాహ్నం వచ్చినవే. అంటే నేను ఆ వాక్యం రాయడానికి ముందురోజే దానికి జవాబు నా జేబులో ఉంది. దాన్ని జేబులో పెట్టుకునే బీరకాయలు కొన్నాను, దాన్ని తలగడ పక్కన పెట్టుకునే నిద్రపోయాను.

ఆ నంబరుకు చేశాను. స్విచ్ ఆఫ్. మళ్లీ చేశాను. స్విచ్ ఆఫ్. ఇక మిగిలింది ఒక్క దారి. నాలుగేళ్ల తర్వాత కోదాడకు ఫోన్ కలిపాను.

“ఎవరండీ?” అన్నాడు.

“నేను. సూర్యాపేట రైటర్‌ను.”

“ఏంటి సార్, బస్సులో పంపించారా ఈ ఫోన్?” అన్నాడు.

“అనుర్రి. ఎన్ని అంటరో రేపు అనుర్రి. ఫైల్ పిల్ల ఈడనే ఉన్నది. రేపు పొద్దున వెరిఫికేషన్. డ్రైవర్ ఏడున్నడు?”

అవతల గొంతు వెంటనే మారింది. “అయ్యో సార్! ఆ మనిషి మేళ్లచెరువు ఫ్యాక్టరీకి తిరిగే సిమెంటు లారీ ఆయన. మొన్న ఆ బస్సులో వచ్చాడు. ఫైలు నాకిమ్మంటే ఇవ్వలేదండీ. ఆడపిల్ల సర్టిఫికెట్లు, పిల్ల వచ్చి అడిగితేనే ఇస్తానన్నాడు. కాలేజీకి చేస్తే సెలవులు, ఎత్తేవాళ్లు లేరు. సర్టిఫికెట్ల మీద తండ్రి పేరుంటది గానీ ఫోన్ నంబరుండదు కదా. ఇవ్వాళ పదకొండు దాకా ఎదురుచూసి, లోడేసుకుని మిర్యాలగూడ పోయాడు. అక్కడ దింపి అటునుంచి అటే ఒంగోలు వైపు. మళ్లీ వారానికి గానీ రాడు.”

“ఏ దుకాణంల దింపుతడు?”

“అదే తెలీదండీ. బస్తాలు దించడం అయిపోయే టైమే ఇది.”

“నువ్వు ఆఫీసుకన్న ఫోన్ చెయ్యకపోయినవా?” అని అరిచాను. సిగ్గులేని మాట. అయినా అన్నాను.

“నిన్న రాత్రి చేశానండీ, నైట్ డ్యూటీ కుర్రాడు ఎత్తాడు. స్క్రోలింగ్ మీ అనుమతి లేకుండా ముట్టకూడదట, గోడ మీద ఆర్డరుందట. రైటర్ గారి వాట్సాప్‌కు పంపమన్నాడు.”

నేను తలెత్తి గోడ వైపు చూశాను. లామినేషన్ తళతళ మెరుస్తోంది.

ఫోన్ పెట్టేసి కీబోర్డు ముందుకు లాక్కున్నాను, కొత్త స్క్రోలింగ్ కొట్టడానికి. ఆపరేటరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“సార్, ఏమనుకోకుర్రి. క్లైమాక్స్ నడుస్తున్నది. కింద స్క్రోలింగ్ ఎవ్వలు సూస్తరు?”

ఇరవై రెండేళ్లలో నన్ను ఇంతకంటే పెద్ద మాట ఎవరూ అనలేదు. అదీ నా మంచి కోరే మనిషి. కానీ కోపం తెచ్చుకోవడానికి టైం లేదు. ఆమె అన్నది నిజమని నాకు తెలియడమే కారణం కావచ్చు.

“అయితే సినిమా ఆపు” అన్నాను.

“ఆపుడా? ఓనరు ఊకుంటడా?”

“ఆపు. తెర మొత్తం నాకియ్యి.”

తెర మీద ఆ తల్లి కొడుకు చేతులు పట్టుకుని, నీకొక నిజం చెప్పాలి బాబూ అంటోంది. ఆ మాట దగ్గర సినిమా ఆగిపోయింది. నల్లటి తెర మీద పెద్ద పెద్ద తెల్లటి అక్షరాలు నిలబడ్డాయి. పాకడం లేదు, నిలబడ్డాయి. ‘మిర్యాలగూడ వాసులకు మనవి. సిమెంటు దించుతున్న లారీ మీ దగ్గర ఉంటే డ్రైవరును ఆపండి. నీలం ఫైలు ఆయన దగ్గర ఉంది. వెంటనే ఫోన్ చేయండి.’ ఈసారి నేను కాగితాలనీ నౌకరీ అనీ ఏమీ రాయలేదు.

అమ్మాయి బెంచీ మీద లేదు, ఎప్పుడు లేచి వచ్చిందో గానీ నా కుర్చీ వెనకే నిలబడి ఉంది. ఫోన్లు మొదలయ్యాయి. మొదటాయన సూర్యాపేట నుంచి: “ఏంది సార్, కరెంటు పోలే, ఏం పోలే, సినిమా ఎటు పోయింది?” రెండో ఆయన కోదాడ నుంచి: “కొడుక్కి చెప్పిందా లేదా అండీ తల్లి?” మూడో ఆయన తిట్టి పెట్టేశాడు. నాలుగోది మిర్యాలగూడ నుంచి, ఒక పెద్దావిడ. సిమెంటూ ఇనుమూ అమ్మే దుకాణం వాళ్లట.

“ఏమయ్యా, నీకేమన్న బుద్ధున్నదా? ఆమె నోరు తెర్సినప్పుడే నీకు పలక పెట్టబుద్ధయిందా? పొద్దటిసంది పని చేసుకొని జర కూసుంటే...”

“అమ్మా, జర అక్షరాలు సదువుర్రి.”

“కళ్లజోడు లేకుంట ఏం సదువుత? ఏం రాసినవ్?”

“సిమెంటు లారీ కోసం దేవులాడుతున్నం అమ్మా. డ్రైవర్ దగ్గర ఒక పిల్ల సర్టిఫికెట్లున్నయి.”

“లారీయా? మా దుకాణం ముంగట ఒకటి ఉన్నది. బస్తాలు దించుడు అయిపోయింది, ఇగ టర్పాలు కడుతున్నరు. ఉండు.” ఆమె ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని అరిచింది: “ఓ డ్రైవరూ! నీ తాన నీలం ఫైల్ ఏమన్న ఉన్నదా?”

దూరం నుంచి ఏదో జవాబు. నాకు వినపడలేదు. నా వెనక ఆ పిల్ల ఊపిరి తీస్తున్న చప్పుడు కూడా వినపడలేదు.

“ఉన్నదంటున్నడు” అంది పెద్దావిడ. “సీటు వెనక పెట్టిండట. సిమెంటు పడకుంట కవరు గూడ సుట్టిండట. పిల్లను పంపు, నేను బండి కదలనియ్య. ఇంతకు ఆ తల్లి ఏం చెప్పిందో గది చెప్పు ముందుగాల.”

కథ చెప్పాను. ఆ ముగింపును నేను అంత సంతోషంగా ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. చెప్పి వెనక్కి తిరిగేసరికి తండ్రీ కూతురూ మెట్ల మీద సగం దూరంలో ఉన్నారు. ఆరున్నరకు మిర్యాలగూడ నుంచి తండ్రి ఫోన్ చేశాడు. ఫైలు చేతికొచ్చింది, డ్రైవరు ఒక్కొక్క సర్టిఫికెట్ లెక్కబెట్టి ఇచ్చాడు, ఆ పెద్దావిడ ఇద్దరికీ అన్నం పెట్టింది, పొద్దున అటునుంచి అటే నల్లగొండ పోతామన్నాడు. నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఆ రోజు వెన్ను నొప్పి కూడా లేదు.

సినిమా ఆపినందుకు ఓనరు ఏడింటికి మెట్లెక్కి వచ్చాడు. ఆయన నోరు తెరిచేలోపే ఆయన ఫోన్ మోగింది. కోదాడ ఇన్‌చార్జి. స్పీకరులో పెట్టాడు. “రైటర్ గారి తప్పేం లేదు సార్. మా కోదాడలో నెట్ సరిగా లేక మెసేజ్ ఆలస్యంగా పోయింది. ఆయన చూడగానే కదిలారు” అంటున్నాడు. ఓనరు చల్లబడ్డాడు. నేను తల దించుకున్నాను. మనకు గిట్టని మనిషి మన కోసం అబద్ధమాడితే ఎటు చూడాలో తెలియదు. ఓనరు వెళ్లాక కోదాడకు ఫోన్ చేసి, ఇకనుంచి వాట్సాప్‌లోనే పంపండి అన్నాను. “సంతకం?” అన్నాడు. అక్కర్లేదన్నాను. థాంక్స్ కూడా చెప్పాను. మైకు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎప్పటికైనా ఆయనే ఎత్తాలి.

మర్నాడు మధ్యాహ్నం ఆ అమ్మాయే ఫోన్ చేసింది.

“అయిపోయింది సార్. అన్ని సూసిన్రు. ఒక్కటి గూడ తక్కువ లేదన్నరు. పోస్టింగ్ కాయితం ఇంటికొస్తదట.”

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్కడితో ఫోన్ పెట్టేసి ఉండొచ్చు. కానీ నా మనసు ఒప్పుకోలేదు. ఇంకొకడు నాకు చేసి ఉంటే జన్మలో మరిచిపోని పని నేను ఆ పిల్లకు చేశాను.

“బిడ్డా, ఒక మాట. నెట్ ఆలస్యమని కోదాడ సారు మా ఓనరుకు చెప్పిండు, గది నిజం కాదు. మంగళవారం నుంచి ఆ మెసేజ్ నా ఫోన్లనే ఉన్నది. నేనే తెరవలే.”

“నాకెరుకే సార్.”

“ఎట్ల?”

“మీరు ఫోన్ తెరిచినప్పుడు వచ్చి మీ ఎన్కనే నిలబడ్డ. మెసేజ్ కింద టైం ఉన్నది.”

“మరి నన్నొక్క మాట గూడ అనకపోతివి?”

“అప్పుడు మీతోని కొట్లాట పెట్టుకుంటే ఫైల్ వస్తదా సార్? నాకు ఫైల్ గావాలె. ఇప్పుడు అంటున్న. గట్ల చెయ్యొద్దు సార్ మీరు. మంగళవారం రాత్రంత మా నాయిన బాయి కాడ పోయి కూసున్నడు. నేను పండుకోకుంట ఆయన్నే కావలి కాసిన. ఇంకెవ్వలకు గట్ల చెయ్యకుర్రి.”

“చెయ్య బిడ్డా” అన్నాను.

“సరే సార్. ఉంట. అన్నం తినుర్రి” అని పెట్టేసింది.

నా సగం వయసు కూడా లేని పిల్ల, నన్ను నిలబెట్టి కడిగేసింది. లెక్క ప్రకారం నాకు మండిపోవాలి. మండలేదు. ఛాతీ మీంచి సిమెంటు బస్తా దించినట్టయింది. లేచి, గోడ మీది ఆర్డరు మేకు పీకి తీసి ఆపరేటరమ్మకు ఇచ్చి, ఇకనుంచి అర్జెంటువి ఎవరైనా కొట్టొచ్చని చెప్పాను. తర్వాత డబ్బా విప్పి, పప్పుచారు అడుగంటా తిన్నాను.

పిల్లలూ, తప్పు చేసినప్పుడు తిట్టించుకుంటే ఇంత హాయిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంట్లోవాళ్లు, ఆఫీసువాళ్లు, అంతమంది పెద్దలు, ఎవరో ఒకరు నాకీ ముక్క ముందే చెప్పి ఉండాల్సింది. ఒక్కరూ చెప్పలేదు. అదీ నాకు గుర్తుంటుంది.